పాదిరిగారి ఇంటి కథ తెలుగు నవల అయిన వైనము

ఈ శతవార్షిక సంచికలో మిషనెరీల జీవితములను గూర్చియు, దేవాలయముల నిర్మాణమును గూర్చియు, పాఠశాలలను ఆసుపత్రులను గూర్చియు వ్రాయువారు చాలమంది ఉన్నారు. మేము వేరొక దారి పట్టితిమి. నవ్వించుచు, ప్రేమకథ చెప్పుచు, విశ్వాసమును గూర్చియు, తప్పిపోయినవారు మరల దొరకుటను గూర్చియు పలుకు నవల యొకటి ఎక్కడ పుట్టినది, ఎవరి చేతులు మారి మన తెలుగుదేశమునకు వచ్చినది, వచ్చునప్పుడు దారిలో ఏమి పోగొట్టుకొన్నది అనునది మా విషయము. నవలకును సంఘ చరిత్రకును ఏమి సంబంధమని పెద్దలు అడుగవచ్చును. సంబంధమున్నది. కొంచెము ఓపికతో చదువవలెనని మనవి.

మన ఇండ్లలో పుస్తకముల గూడు చూచినయెడల ఏమి కనబడును? పరిశుద్ధ గ్రంథము, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, అంచులు నలిగిన యాత్రికుని ప్రయాణము. ప్రేమకథలు మాత్రము గూటిలో ఉండవు. మునుపు అవి వారపత్రికల రూపమున దిండు క్రింద ఉండెడివి. ఇప్పుడు ఆ దిండు క్రింద చేతిఫోను ఉన్నది. దేవుని వాక్యమో, ఏ దాపరికమును లేకుండ, యాకోబు బావియొద్ద రాహేలును చూచిన సంగతియు, ఆమెకొరకు ఏడేండ్లు మందకాచిన సంగతియు, రూతు కళ్లమునకు వెళ్లిన సంగతియు చెప్పుచున్నది. పరమగీతమును ఎవరును గ్రంథమునుండి తీసివేయలేదు. అయినను క్రైస్తవ కథ యనగానే మనకు ముఖము గంభీరము చేసికొనుట అలవాటైనది. నవ్వునకు ప్రసంగపీఠముమీద చోటు లేదని ఎవరు చెప్పిరో తెలియదు గాని అందరమును నమ్మినాము.

ఆ నమ్మకము లేని మనుష్యుడొకడు ఐర్లండు దేశములో పుట్టెను. అతని పేరు ఆలివర్ గోల్డుస్మితు. తండ్రి పల్లెటూరి పాదిరి. కుమారుడును పాదిరి కావలెనని ఇంటివారు కోరగా అతడు బిషప్పుగారి ఎదుటికి ఎర్రని లాగు తొడుగుకొని పోయెననియు, ఆయన వెనుకకు పంపివేసెననియు చెప్పుదురు. ఆ మాట ఎంతవరకు నిజమో గాని, ఆ మనుష్యుని తీరు అటువంటిదే. వైద్యము చదివెను, పూర్తిగా వైద్యుడు కాలేదు. పిల్లనగ్రోవి వాయించుచు యూరపు దేశములు కాలినడకను తిరిగెను. లండనులో కలము పట్టి బ్రతుకసాగెను. ఒకనాడు ఇంటి అద్దె కట్టలేక ఇంటియజమానురాలిచేత నిర్బంధింపబడి, తన మిత్రుడును మహాపండితుడునైన శామ్యూల్ జాన్సనుకు కబురంపెను. జాన్సను ముందుగా ఒక గినీ పంపి, వెనుక తానే బయలుదేరెను. వచ్చి చూచునప్పటికి ఆ గినీని అప్పుడే మార్చి మన గోల్డుస్మితు ఒక సీసా మదీరా ద్రాక్షారసము తెచ్చుకొని కూర్చుండియున్నాడు! జాన్సను ఆ సీసాకు బిరడా బిగించి, అమ్ముటకు ఏమైన ఉన్నదా అని అడుగగా, ఒక నవల వ్రాతప్రతి బయటికి వచ్చినది. దానిని తీసికొనిపోయి 60 పౌనులకు అమ్మి అప్పు తీర్పించెను. కొన్నవారు దాని విలువ తెలియక కొన్ని సంవత్సరములు అట్లే పెట్టియుంచి, 1766లో అచ్చువేసిరి. ఆ నవల పేరు తెలుగులో చెప్పవలెనంటే ‘వేక్‌ఫీల్డు పాదిరి’.

కథ పాదిరిగారే చెప్పుకొందురు. ఆయన ప్రిమ్రోజు. భార్య డెబోరా, పిల్లలు ఆరుగురు. మొదట కలిగినవారే, సంఘమువలన వచ్చు సాలీనా 35 పౌనులను ఆ డయాసిసులోని పాదిరుల అనాథపిల్లలకును విధవలకును ఇచ్చివేయుచుండిరి. (డయాసిసు సంచికలో ఈ సంగతి అచ్చగుట మంచిదే.) పెద్దకుమారుడైన జార్జి పెండ్లి దగ్గరపడిన సమయమున, సొమ్ము దాచిన వర్తకుడు దివాలా తీసి పారిపోయెను. పాదిరిగారు నోరు మూసికొనియున్నయెడల పెండ్లియైన జరిగెడిదేమో. కాని ఆయనకొక సిద్ధాంతపు పిచ్చి ఉన్నది. మొదటి భార్య చనిపోయినను పాదిరి మరల వివాహము చేసికొనరాదని ఆయన వాదము. దానిమీద పుస్తకములు వ్రాసియున్నారు. పెండ్లికూతురి తండ్రియు పాదిరియే. ఆయన అప్పటికి నాలుగవ పెండ్లి ప్రయత్నములో ఉన్నారు! వాదము పెరిగినది, పెండ్లి చెడినది. సాలీనా 15 పౌనులు వచ్చు చిన్న సంఘమునకు ఆ కుటుంబము తరలిపోయెను. సిద్ధాంతము నిలిచినది గాని సంబంధము పోయినదని నవ్వుకొనునప్పుడు, మేము ఎరిగిన కొన్ని కమిటీ కూటములు మాకు జ్ఞాపకము వచ్చును.

క్రొత్త ఊరిలో బీదరికము వచ్చినను అమ్మగారికిని కుమార్తెలకును పెద్దింటి సోకులు పోలేదు. రెండవ కుమారుడైన మోషేను గుఱ్ఱపు పిల్లను అమ్మి రమ్మని సంతకు పంపిరి. అతడు మంచి బేరమే చేసి, ఆ సొమ్మంతయు పెట్టి పచ్చని కళ్లద్దములు ఒక గ్రోసు, అనగా 144 జతలు కొనితెచ్చెను. వెండి చట్రములని మోసగాడు నమ్మించినవి తుదకు రాగివని తేలినవి. తరువాత పొరుగువారిని మించవలెనని కుటుంబమంతయు కలిసి ఒక పెద్ద పటము వ్రాయించుకొన్నది. అమ్మగారు దేవతవలెను, ఒక కుమార్తె వీరవనితవలెను, మరియొకతె గొఱ్ఱెలకాపరివలెను, పాదిరిగారు నడుమ పుస్తకములు పట్టుకొనియు. పటము ముగిసిన తరువాత చూతురుగదా, ఇంటిలోని ఏ తలుపులోనుండియు అది పట్టదు. వంటింటి గోడకు ఆనించి, వచ్చినవారందరు నవ్వుటకు దానిని విడిచిపెట్టవలసివచ్చినది. సంఘమువారు మొదట కొలతలు చూడక కొనిన బల్లలు, బీరువాలు ఏ పాస్టరుగారి ఇంటనైనను ఒకటైన ఉండును గనుక దీనిని ఎక్కువ వివరింపనక్కరలేదు.

ఇంతవరకు నవ్వు. ఆ నవ్వులోనుండియే దుఃఖము వచ్చుచున్నది. ఆ భూములకు యజమానియైన థార్న్‌హిల్లు అను జమీందారు యువకుడు పెద్ద కుమార్తె ఒలీవియాను ఆశపెట్టి, ఇల్లు విడిపించి తీసికొనిపోయెను. దొంగపెండ్లి చేసెను. తరువాత విడిచిపెట్టెను. వృద్ధుడైన తండ్రి ఆమెను వెదకుచు బయలుదేరి, దారిలో జబ్బుపడి, లేచి, కడకు ఒక సత్రములో ఆమెను కనుగొనెను. ఇంటివారిని సిద్ధపరచుటకై ఆమెను దగ్గరలోనున్న సత్రమున ఉంచి, రాత్రివేళ తాను ముందుగా ఇంటికి చేరునప్పటికి ఇల్లు తగులబడుచున్నది. చిన్నపిల్లలిద్దరిని మంటలలోనుండి తెచ్చుటలో ఆయన చేయి కాలినది. మరునాడు కుమార్తె వచ్చినది. తల్లి ఎత్తిపొడుపు మాటతో ఎదుర్కొన్నది. సోకులు మరగి వచ్చినదానికి ఈ పేదగుడిసె ఎట్లు నచ్చునన్న భావము ఆ మాటలో ఉన్నది. అప్పుడు ఆ మెత్తనిమనిషి, భార్య మాటకు ఎన్నడును ఎదురాడని మనిషి, గట్టిగా నిలిచెను. ఈమె తిరిగి వచ్చినది, ఈమె పశ్చాత్తాపము చూచుచున్నాము, ఇక ఈ ఇంటిలో ఆ సంగతి ఎత్తరాదని తీర్పు చెప్పెను. లూకా సువార్త 15వ అధ్యాయమునకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము మేము వేదశాస్త్ర కళాశాలలో చదివిన గ్రంథములలో ఎక్కువగా చూడలేదు. ఆ ఉపమానములో ఇంటికి వచ్చినది కుమారుడు. కుమార్తె వచ్చినయెడల ఆ తండ్రి అట్లే పరుగెత్తునా అను ప్రశ్నను గోల్డుస్మితు వేసికొని, పరుగెత్తునని జవాబు చెప్పెను.

మన పుత్తూరు పేరు చెప్పగానే లోకమునకు గుర్తువచ్చునది విరిగిన ఎముకకు వేయు కట్టు. బస్సులలోను రైళ్లలోను ఎక్కడెక్కడివారో చేయి మెడకు కట్టుకొని ఈశలాపురము వచ్చెదరు. ఎముక విరిగినప్పుడు దానిని సరిగా కూర్చి కట్టనియెడల, అదియే అతుకుకొనును గాని వంకరగా అతుకుకొనునని ఇక్కడి చిన్నపిల్లవానికిని తెలియును. ఒలీవియా తల్లి మాటకు వదలిపెట్టియున్నయెడల ఆ ఇల్లును వంకరగానే అతుకుకొనెడిది.

తరువాత పాదిరిగారు అప్పు క్రింద చెరసాల పాలయిరి. అక్కడ దొంగలకు వాక్యము చెప్పబూనిరి. వారు వెక్కిరించిరి, పుస్తకముతో ఆటలాడిరి. ఆయన మానలేదు. కొన్ని దినములలో వారు వినసాగిరి. ఊరక ప్రసంగించి విడువక, పొగాకు వర్తకులకును చెప్పులు కుట్టువారికిని కావలసిన చీలలు చెక్కు పని వారికి కల్పించిరి. చిన్న తప్పులకు మరణశిక్ష వేయు అప్పటి ఇంగ్లండు చట్టములను గూర్చి కఠినముగా మాటలాడిరి. కడపట, బీదవాని వేషమున ఇంటికి వచ్చిపోవుచుండిన బర్చెల్లు అను మిత్రుడు ఆ జమీందారునకు పినతండ్రియైన గొప్ప ప్రభువని బయలుపడెను. రెండవ కుమార్తె సోఫియాను ఆయనే వివాహమాడెను. జార్జి పెండ్లియు జరిగెను. దొంగపెండ్లి చేయించుటకు కుదుర్చబడిన జెంకిన్సను, ఆ జమీందారును తన చేతిలో ఉంచుకొనవలెనని, నిజమైన పాదిరిని నిజమైన లైసెన్సుతో తెచ్చియుండెనని తెలిసినది. కనుక ఒలీవియా ధర్మపత్నియే!

ఇక్కడ మా అభిప్రాయము చెప్పక తప్పదు. గోల్డుస్మితు చివరి పుటలలో కొంచెము భయపడెను. చట్టము అడ్డుపడి ఆమె మానము కాపాడనియెడల చదువరులు సహింపరని తలంచెనేమో. అయినను తండ్రి క్షమాపణ లైసెన్సు దొరికిన తరువాత రాలేదు. దానికి ఎంతో ముందుగానే వచ్చియున్నది. ఏ కాగితమును లేనప్పుడే ఆయన ఆమెను కూతురని పిలిచెను. పుస్తకము బలమంతయు అక్కడ ఉన్నదని మేమనుకొందుము.

ఈ పుస్తకము సముద్రము దాటి జర్మనీకి వెళ్లినది. మన ప్రాంతమునకు సువార్త తెచ్చినవారు జర్మనులు గనుక ఈ సంగతి మనకు కొంత దగ్గరది. మహాకవి గెటే యువకుడై స్ట్రాస్‌బర్గులో చదువుకొనుచున్నప్పుడు అతని స్నేహితుడైన హెర్డరు ఈ నవల జర్మను అనువాదమును బిగ్గరగా చదివి వినిపించెను. 1770లో గెటే దగ్గరలోని జేసెన్‌హైము గ్రామమున ఒక లూథరను పాస్టరుగారి ఇంటికి వెళ్లెను. వేడుకకై బీద వేదశాస్త్ర విద్యార్థి వేషము వేసికొనిపోయెను. (వేదశాస్త్ర విద్యార్థులు బీదవారుగా ఉందురని ఆ కాలమునను అందరికి తెలిసినట్లున్నది.) పాతబడిన ఇల్లు, మంచి పాస్టరు, ఎదిగిన కుమార్తెలు. తాను విన్న నవలలోని ఇంటిలోనికే నడిచివచ్చినట్లు తనకు తోచెనని ఆయన ముసలితనమున వ్రాసిన ఆత్మకథలో చెప్పుకొనెను. ఆ కుమార్తెలలో ఫ్రీడరీకె బ్రియోనును ప్రేమించెను. 1771లో విడిచి వెళ్లిపోయెను. ఆమె మరి పెండ్లి చేసికొనక 1813లో కన్నుమూసెను. ఆయన మహాకవియై ఆ నేరభావమును గొప్ప కావ్యములుగా చేసెను. ఆ పాస్టరుగారి ఇంట మారువేషములోని ప్రభువు వచ్చి అంతయు సరిచేయలేదు. నవలలో విమోచనము ఎంత సులువో, పార్సనేజిలో అంత సులువు కాదు.

మన సంఘములకు మూలపురుషుడని చెప్పదగిన లూయిస్ హార్మ్సు మరియొక తరము జర్మనుడు. హెర్మన్స్‌బర్గు గ్రామములో పాస్టరుగా ఉండి 1849లో మిషను స్థాపించెను. ఆయన కఠినమైన భక్తిపరుడు. అయినను కథలు చెప్పుటలో దిట్ట. తన పల్లెవారి యాసలోనే వారికి కథలు చెప్పెడివాడు. ఆయన కథల సంపుటికి సామెతల గ్రంథము 25వ అధ్యాయములోని వెండి పళ్లెములు, బంగారు పండ్లను బట్టి పేరు పెట్టబడెను. ఆయన పంపిన మిషనుకు చెందిన ఆగస్టు మీలియస్ 1865లో సూళ్లూరుపేటలో పని ప్రారంభించెను. మొదటి ప్రపంచ యుద్ధములో జర్మను మిషనెరీలు వెళ్లిపోవలసివచ్చిన తరువాత అమెరికాలోని ఒహాయో సినడువారు ఆ పని చేపట్టిరి. ఈ చరిత్ర ఈ సంచికలోని తక్కిన వ్యాసములలో విపులముగా ఉండును గనుక ఇక్కడ విడిచిపెట్టుచున్నాము. కథలు చెప్పు పాస్టరు పంపిన మిషను మనదని మాత్రము గుర్తుంచుకొనవలెను.

ఇప్పుడు తెలుగునకు వత్తము. తెలుగులో మొదటి నవల ఏదని పండితులు ఇప్పటికిని వాదించుకొందురు. 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారు ‘శ్రీరంగరాజ చరిత్ర’ ప్రకటించిరి. కర్నూలు జిల్లా మాన్యుయలు వ్రాసినవారును ఈయనే గనుక రాయలసీమకు ఈయన పరాయివారు కారు. అందులో రాజకుమారుడు సోనాబాయి అను లంబాడీ పిల్లను ప్రేమించును. అబ్బా, ఎంత ధైర్యమని మనము అనుకొనునంతలో, ఆమె లంబాడీ కాదనియు, గొప్ప ఇంట పుట్టినదనియు బయలుపడును. అప్పుడు పెండ్లి. గోల్డుస్మితునకు లైసెన్సు ఎట్లో, చెట్టిగారికి పుట్టుక అట్లు. లంబాడీ పిల్లను లంబాడీ పిల్లగానే పెండ్లాడించుటకు ఆ కాలము ఒప్పుకొనలేదు. ఈ కాలము ఎంతవరకు ఒప్పుకొనుచున్నదో మన సంఘములలో వివాహ ప్రకటనలు చదువు మాకు కొంత తెలియును.

1878లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ వివేకవర్ధని పత్రికలో ‘రాజశేఖర చరిత్రము’ ప్రకటింపసాగిరి. 1880లో అది పుస్తకముగా వచ్చినది. అదే 1878 జూలై 3న, కరవు కాలము వెనుక, ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. గోదావరి ఒడ్డున నవల, గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మము. ఒకరి సంగతి ఒకరికి పట్టలేదు. నవల చదివినవారు వేరు, నీటిలోనికి దిగినవారు వేరు. ఈ రెండు చరిత్రలను ఒకే పుస్తకములో ఎవరును వ్రాయరు గనుక మేము ఒకే పేరాలో వ్రాయుచున్నాము.

పంతులుగారు మొదట గోల్డుస్మితు నవలను తెలుగు చేయ మొదలుపెట్టి, అది మన ఆచారములకు పొసగదని విడిచి, స్వతంత్రముగా వ్రాసితినని తమ స్వీయచరిత్రలో చెప్పుకొనిరి. అయినను పోలిక దాగదు. ధవళేశ్వరములో రాజశేఖరుడు కలిగిన గృహస్థుడు, భార్య మాణిక్యాంబ, రుక్మిణి, సీత, సుబ్రహ్మణ్యము పిల్లలు. పొగడువారిని నమ్మి, బంగారము చేయు యోగిని నమ్మి ఆస్తి పోగొట్టుకొనును. మోషే కళ్లద్దముల బేరము ఇక్కడ స్వర్ణయోగమైనది. ఆ మార్పు మాకు చాల నచ్చినది. ఇంగ్లండు సంతలో మోసము అంగడివానిది, మన దేశములో మోసము కాషాయము కట్టును. (తెల్లని అంగీయు కట్టగలదని ఇటీవలి కాలములో తెలిసినది.) రాజశేఖరుడును ఇల్లు విడిచి ప్రయాణములు పడును, చెరసాల చూచును, మారువేషమున తిరుగు పెద్దాపురపు రాజు బర్చెల్లువలె కథను చక్కబరచును.

పాదిరిగారి పునర్వివాహ వాదమును పంతులుగారు తీసివేసిరి. తీసివేయుటయే గాక, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో మొదటి విధవా వివాహము స్వయముగా జరిపించిరి. భార్య చనిపోయిన పాదిరి మరల పెండ్లాడరాదని వాదించు పుస్తకమునుండి ఊపిరి పొందినవారు, భర్త చనిపోయిన పిల్లకు మరల పెండ్లి చేసిరి. ఇంగ్లండులో నవ్వుగా నున్నది మన దేశములో ప్రాణసంకటము. పంతులుగారు దూషణలు పడిరి, వెలివేత పడిరి. వారు క్రైస్తవులు కారు, బ్రహ్మసమాజ మతస్థులు. అయినను ఆ పనిని తక్కువచేసి చెప్పుటకు మనకు నోరు రారాదు.

ఇప్పుడు అసలు సంగతి. గోల్డుస్మితు నవలలోని నవ్వు తెలుగునకు వచ్చినది. చెరసాల వచ్చినది. మారువేషపు ప్రభువు వచ్చెను. ఒలీవియా రాలేదు. రాజశేఖర చరిత్రములో, ఆశపడి, మోసపోయి, ఇల్లు విడిచి, తలవంచుకొని తిరిగివచ్చిన కూతురు లేదు. ఆమె చోట రుక్మిణి ఉన్నది. రుక్మిణి దారిలో దొంగలవలన కుటుంబమునకు దూరమై, చనిపోయినదని అందరు ఏడ్చినను బ్రతికి, మగవేషము వేసికొని, ఏ మచ్చయు లేక భర్తను కలిసికొనును. ఆమెకు కావలసినది క్షమాపణ కాదు, దారి తెలియుట మాత్రమే. విధవకు మరల పెండ్లి చేయగలిగినంతటి ధైర్యశాలికిని, తప్పిపోయిన కూతురిని నవలలోనైన ఇంటికి తెచ్చుటకు మనసొప్పలేదు. నిందించుటకు ఈ మాట వ్రాయుటలేదు. ఆ కాలపు తెలుగు చదువరి అటువంటి కూతురిని పుస్తకములో చూచి పుస్తకమును మూసివేసెడివాడు. సంస్కరణ ఎంత దూరము పోగలదో పంతులుగారికి కొలత తెలియును. కాని పాదిరిగారి కథలోని క్రైస్తవ భాగమేదో అదియే రేవులో దిగక ఓడలోనే ఉండిపోయినది.

ఆ మరుసటి సంవత్సరమే, 1879లో, తమిళమున మొదటి నవలయైన ‘ప్రతాప ముదలియారు చరిత్రము’ అచ్చయినది. మనము సరిహద్దువారము, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకును, 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు పోవుటకును సాక్షులమైన ఊరు మనది. తమిళ వేదము చదువుచు తెలుగు కీర్తన పాడు అవ్వలు మన బల్లలమీద కూర్చుండెదరు. కనుక ఈ నవలను పొరుగువారిదని త్రోసివేయనక్కరలేదు. దానిని వ్రాసిన మాయూరము వేదనాయకము పిళ్లైగారు (1826–1889) రోమను కతోలిక్ క్రైస్తవులు, మాయవరములో మునసబు పని చేసినవారు. 1876–78 కరవులో తమ సొత్తు ఖర్చుపెట్టి గంజి పోసినవారు. నవల మొదటినుండి చివరివరకు హాస్యము. ప్రతాపుడును జ్ఞానాంబయు ప్రేమించి పెండ్లాడిన దంపతులు. ఆమె భర్తను వెదకుచు మగవేషమున బయలుదేరి, ఏనుగు మెడలో మాల వేయగా పరాయిదేశమునకు రాజగును. గమనించితిరా? గోదావరి ఒడ్డున రుక్మిణికి మగవేషము, కావేరి ఒడ్డున జ్ఞానాంబకు మగవేషము, ఒక్క సంవత్సరపు తేడాలో. స్త్రీ ఒంటరిగా దారిన నడచుటకు ఆ నవలాకారులకు మరియొక ఉపాయము తోచలేదు.

ఆ నవలలో చెప్పులు కుట్టువాని ముచ్చట యొకటి ప్రసిద్ధము. చెప్పు కుట్టినయెడల సంతోషపెట్టుదునని ప్రతాపుడు మాట ఇచ్చును. కుట్టిన తరువాత ఎంత ఇచ్చినను నాకు సంతోషము కలుగలేదని అతడు పేచీ పెట్టి న్యాయస్థానమున కెక్కించును. మగవేషములోనున్న జ్ఞానాంబ, నేను రాజునైనందుకు నీకు సంతోషమేనా అని అడుగును. కాదనుటకు వాడికి ధైర్యము లేదు. సంతోషమే అనగానే వ్యాజ్యము కొట్టివేయబడును! మేమును చదివి నవ్వినాము. నవ్విన తరువాత కొంచెము ఆగినాము. మన సంఘములలో తాతలు చెప్పులు కుట్టిన కుటుంబములు ఎన్నో ఉన్నవి. తన కూలికి ధర తానే చెప్పుకొనవలెననుకొన్న పనివాడొకడు రాజుగారి ఎదుట నోరు మూసికొనవలసి వచ్చెనని వారు ఈ కథను చదువుకొనిన తప్పేమి? పిళ్లైగారు కరుణగలవారే, న్యాయాధిపతులే. నవ్వు ఎవరిమీదుగా పోవుచున్నదో వారికిని ఆ ఒక్కచోట కనబడలేదు.

రాజశేఖర చరిత్రమును హచిన్సను అను మిషనెరీ ఇంగ్లీషు చేయగా 1887లో ‘అదృష్టచక్రము’ అను అర్థమిచ్చు పేరుతో లండనులో అచ్చయినది. పాదిరిగారి ఇంటి కథ ధవళేశ్వరపు పంచె కట్టుకొని, ఒక మిషనెరీ చేయి పట్టుకొని, తాను పుట్టిన దేశమునకు తిరిగిపోయినదన్నమాట. ఒలీవియా లేకుండనే వెళ్లినది.

ఇదంతయు సంఘ చరిత్ర ఎట్లగునని అడిగినవారికి ఇప్పుడు చెప్పెదము. ప్రతి పాస్టరేటులోను సంఘపు క్రమశిక్షణ క్రింద సంస్కారమునకు దూరముగా ఉంచబడినవారి పేర్లుండును. ఆ పేర్లలో ఇల్లు విడిచి వెళ్లిన ఆడపిల్లల పేర్లు ఎన్ని, వారిని తీసికొనిపోయిన మగపిల్లల పేర్లు ఎన్ని అని మేము పరిచర్య చేసిన చోట్ల లెక్క చూచినాము. ఆడపిల్లల పేర్లే ఎక్కువ. మరల చేర్చుకొనిన తేదీ వ్రాయు గడిలో మగవాని పేరెదుట సిరా ఉన్నది, ఆడపిల్ల పేరెదుట చాలచోట్ల కాగితము తెల్లగానే ఉన్నది. పిల్ల తిరిగిరాక కాదు. వచ్చినది, వెనుక బల్లమీద కూర్చున్నది, ప్రభు భోజనమునకు లేచువేళ చంటిబిడ్డను ఎత్తుకొని బయటికి నడచినది. పెద్దల కూటములో ఈ మాట ఎత్తినప్పుడు, ముందు పెండ్లి రిజిస్టరు కాగితము తెమ్మనండి, ఆ తరువాత చూతమని ఒక పెద్దగారు అనిరి. లైసెన్సు దొరికిన తరువాత తలుపు తీయుటకు పాదిరి ఎందుకు, గుమాస్తా చాలునని మేము అనలేదు. అనవలెనని మాత్రము తోచినది. ఆ గడులలో మూడింటిని గడచిన ఈస్టరునకు ముందు పెద్దల సమ్మతితోనే నింపినాము. తక్కినవి ఉన్నవి.

స్త్రీల సమాజమువారు కోరగా, వేక్‌ఫీల్డు పాదిరి కథను వారమునకు ఒక అధ్యాయము చొప్పున తెలుగులో చెప్పుచున్నాము. కళ్లద్దముల బేరమునకు అందరు కడుపు పట్టుకొని నవ్విరి. పటము తలుపులో పట్టలేదనగానే కోశాధికారిణిగారు సంఘపు క్రొత్త బీరువావైపు చూచిరి. ఇప్పటికి జమీందారు ఇంటికి రాకపోకలు మొదలుపెట్టినంతవరకు వచ్చినాము. ఆ పిల్ల ఏమగునని, తల్లులు ముగ్గురు కూటము ముగిసిన తరువాత వేరుగా వచ్చి అడిగిరి. వచ్చే వారము చెప్పెదమన్నాము.